కౌశికుడు చేసిన తప్పేమిటి?

మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడనే తపస్వి కథ ఉంది. ఎప్పుడూ నిజమే చెప్పాలన్నది అతని వ్రతం. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాక్కున్నారు. వెంటపడి వచ్చిన దొంగలు అడిగితే అతను ఉన్నదున్నట్టు దారి చూపించాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. గాండీవాన్ని ఇంకొకరికి ఇవ్వమన్నవాణ్ణి చంపుతానన్న ప్రతిజ్ఞ నెరవేర్చుకోవడానికి సొంత అన్న మీదికే కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు చెప్పిన కథ ఇది. 1797లో ఇమాన్యుయేల్ కాంట్ దాదాపు ఇలాంటి సందర్భం మీదే ఒక చిన్న వ్యాసం రాశాడు. స్నేహితుణ్ణి చంపడానికి వచ్చినవాడు మన గుమ్మంలో నిలబడి, అతను లోపల ఉన్నాడా అని అడిగితే అబద్ధం చెప్పవచ్చా? హంతకుడికి నిజం వినే హక్కు లేదు కాబట్టి చెప్పవచ్చని ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ వాదించాడు. కాంట్ ససేమిరా కూడదన్నాడు. ఇందులో ఎవరి తీర్పు మనకు నచ్చిందో చెప్పడం తేలికే. ఆ తీర్పుకు ఇచ్చిన కారణాన్ని పట్టుకుని మరో సందర్భంలోకి తీసుకుపోయి, అక్కడ కూడా అది నిలుస్తుందో లేదో చూడాలి. నైతిక తత్వశాస్త్రం చేసే పని ఇదే, దాని విలువంతా ఈ పరీక్షలోనే ఉంది. సిద్ధాంతాల పేర్లు ఆ తర్వాతి సంగతి.

కృష్ణుడు తీర్పు చెప్పి ఊరుకోలేదు, కారణం కూడా చూపాడు: ప్రాణుల్ని నిలిపేదే ధర్మమన్నాడు. అలాగైతే ఎక్కువమందిని నిలిపే పనల్లా ధర్మమే అవుతుందా? జెరెమీ బెంతామ్ 1789లో అచ్చయిన తన గ్రంథంలో ఇంచుమించు అవుననే అన్నాడు. పని మంచిచెడ్డలు దాని వల్ల కలిగే సుఖదుఃఖాల మొత్తాన్ని బట్టి తేలుతాయి, ఆ లెక్కలో ఎవరి బాధా ఇంకొకరి బాధ కన్నా తక్కువ కాదు. జంతువుల బాధ కూడా లెక్కలోకి వస్తుందని ఆ రోజుల్లోనే అనగలగడం ఉపయోగితావాదమనే ఈ సిద్ధాంతం గొప్పతనం. దాన్ని పరీక్షకు పెట్టడానికి తత్వవేత్తలు ఒక శస్త్రవైద్యుణ్ణి ఊహించారు. అవయవాలు దొరక్క ఐదుగురు చచ్చిపోతున్నారు, మామూలు పరీక్షకు ఆరోగ్యవంతుడొకడు వచ్చాడు. అతణ్ణి చంపి అవయవాలు పంచితే ఐదు ప్రాణాలు దక్కుతాయి. ఆ సంగతి బయటపడితే ఆసుపత్రులకు ఎవరూ రారు, మొత్తం మీద నష్టమే కదా అని ఉపయోగితావాదులు జవాబిస్తారు. బయటపడకపోతేనో? జరిగిన అన్యాయం ఆ మనిషికి జరిగింది గానీ ఆసుపత్రి పరువుకు కాదు.

ఆ అన్యాయం ఏమిటో కాంట్ 1785లోనే చెప్పాడు. ఏ మనిషినీ మరొకరి అవసరానికి కేవలం సాధనంగా వాడుకోకూడదు. శస్త్రవైద్యుడి విషయంలో ఇంతకన్నా సూటి సమాధానం లేదు. కానీ ఈ పట్టుదలే గుమ్మంలో హంతకుడు నిలబడినప్పుడు కాంట్‌ను ఇరకాటంలో పెట్టింది. స్నేహితుడు ఇంట్లో లేడని మీరు అబద్ధమాడి, ఈలోగా అతను మీకు తెలియకుండా బయటికి జారుకుని హంతకుడికే ఎదురుపడితే ఆ చావుకు మీదే బాధ్యత అవుతుందని అతను వాదించాడు. ఫలితాలతో పని లేదన్నవాడు ఇక్కడ ఫలితాల వైపు ఓరచూపు చూశాడనే అనిపిస్తుంది. కాంట్, బెంతామ్‌ల కన్నా ఎంతో ముందే అరిస్టాటిల్ వేరే దారి పట్టాడు. నియమాలు ఎన్ని రాసుకున్నా చాలవు, పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్య ధైర్యం ఎక్కడుందో సాధనతో పండిన వివేకికే కనిపిస్తుందన్నాడు. 1958లో ఎలిజబెత్ ఆన్‌స్కోమ్ రాసిన వ్యాసం తర్వాత ఈ సద్గుణ మార్గానికి మళ్లీ ఆదరణ పెరిగింది. అయితే ఆ వివేకి చూపును ఎవరు సరిదిద్దాలి? బానిసత్వాన్ని సమర్థించినవాడు సాక్షాత్తూ అరిస్టాటిలే.

అసలు మంచి అనేది లోకంలో ఉన్న వస్తుధర్మమా, మన మనోభావమా అని అడిగే శాఖ నైతిక తత్వశాస్త్రంలో మరొకటుంది. ఉన్నదాన్ని బట్టి ఉండవలసినదాన్ని రాబట్టడం కుదరదని తత్వవేత్త హ్యూమ్ 18వ శతాబ్దంలోనే హెచ్చరించాడు. మన నీతి వాక్యాలన్నీ పొరపాటేనని 1977లో జె.ఎల్. మాకీ తేల్చేశాడు. ఆ చర్చ తెగేదాకా పై పరీక్షలు ఆపనక్కర్లేదని నా ఉద్దేశం. సంఖ్య అంటే ఏమిటో తేలకముందే గణితం బోలెడంత దూరం నడిచింది.

ఇన్ని వందల ఏళ్లుగా ఒక్కమాట మీదికి రాని శాస్త్రం ఎవరికి పనికొస్తుందన్నది పాత ఆక్షేపణ. దానికి జవాబుగా ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు సంగతి చెప్పకుండా, పెనిసిలిన్ వచ్చాక కూడా ఇవ్వకుండా, రోగం ఎలా ముదురుతుందో పరిశోధకులు గమనిస్తూ కూర్చున్నారు. ఆ ఘోరం బయటపడ్డాక ఏర్పడిన జాతీయ సంఘం 1979లో బెల్మాంట్ నివేదిక ఇచ్చి, మనుషుల మీద చేసే పరిశోధనలకు మూడు సూత్రాలు పెట్టింది: వ్యక్తి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం. కాంట్ వారసత్వమూ బెంతామ్ వారసత్వమూ అందులో పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ సంఘంతో పనిచేసిన తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ ఒక తమాషా చెప్పాడు. ఏది తప్పో తేల్చేటప్పుడు సభ్యులు సులువుగానే ఏకమయ్యేవారట, ఎందుకు తప్పో చెప్పమంటే తలోదారీ పట్టేవారట. అలాగైతే సిద్ధాంతాలు లేకపోయినా గడిచేదిగా అనవచ్చు. టస్కెగీ లాంటి బాహాటమైన దుర్మార్గం దగ్గర గడుస్తుంది. ఇంతకుముందు ఎదురుపడని చిక్కు వచ్చినప్పుడు మనసు వెంటనే తీర్పు చెప్పదు. చెప్పినా నలుగురూ నాలుగు విధాలుగా చెబుతారు. అప్పుడు కారణాలే దిక్కు.

ఊహించిన కథలతో బతుకు తేలదన్న ఆక్షేపణ ఇంకా బలమైనది. అదుపు తప్పిన ట్రాలీ ఎవరి మీదికి పోవాలన్న కథను ఇప్పుడు వినోదంగా వాడుకుంటున్న మాట నిజమే. కానీ 1967లో ఫిలిప్పా ఫుట్ దాన్ని రాసింది గర్భస్రావం మీద నలుగుతున్న వాదంలో చిక్కుముడి విప్పడానికి. నిజ జీవితంలోని చిక్కునే చూడండి: మన దేశంలో 1994 నాటి చట్టం అవయవాల అమ్మకాన్ని నిషేధించింది. కిడ్నీ అమ్మేవాడికి అప్పు తీరుతుంది, కొన్నవాడికి ప్రాణం దక్కుతుంది, బెంతామ్ లెక్కలో ఇద్దరికీ లాభమే. పేదవాడి ఒప్పుకోలు నిజమైన ఒప్పుకోలు కాదు గనక నిషేధించామంటే, అదే పేదరికంతో బొగ్గు గనిలోకి దిగేవాడి ఒప్పుకోలును ఎలా అంగీకరిస్తున్నామో చెప్పాలి. తీసేసిన కిడ్నీ తిరిగి మొలవదు అంటారేమో, బొగ్గు దుమ్ముతో పాడైన ఊపిరితిత్తి కూడా తిరిగి బాగుపడదు.