టైల్స్ కిందికి వెళ్లిపోయే పనితనం

డాబా మీద కొత్తగా గదులు వేసి బాత్రూమ్ చేర్చిన ఇంటికి వెళితే, గృహప్రవేశం దాకా ఆగకుండా టైల్స్ పరవకముందే ఓసారి పైకెక్కి చూడాలి. ప్లంబర్ నేర్పంతా పైపుల రూపంలో కళ్లెదుట పరిచి ఉండేది అప్పుడే. ఆ తర్వాత అది సిమెంటు కిందికి పోతుంది.

పనిమంతుడైన ప్లంబర్ ముందు కింది బాత్రూమ్‌లోకి వెళతాడు. పాత నిలువు పైపు ఏ గోడ వెంట దిగింది, ఛాంబర్‌కి ఎటునుంచి చేరింది చూసుకుని, కొత్త బాత్రూమ్ దాని నెత్తినే రావాలంటాడు. కమోడ్‌ని ఆ పైపుకు వీలైనంత దగ్గరగా పెడతాడు. అడ్డంగా నడిచే పైపు పొడుగయ్యేకొద్దీ వాటం కోసం లోతు కావాలి. కొత్త స్లాబ్ అయితే అడుగు దాకా దింపి పోయించుకోవచ్చు. పాత స్లాబ్ మీద ఆ సౌకర్యం లేదు, నేలనే ఎత్తు చేయాలి. పైపు ఎంత పొడుగైతే గడప దగ్గర మెట్టు అంత ఎత్తవుతుంది. పైపు కోసం బీమును తొలిచే మాట మాత్రం అతని నోట రాదు.

వాటం చూడండి. కమోడ్ నుంచి వచ్చే 110 మిల్లీమీటర్ల పైపు మీటరుకు సుమారు రెండు సెంటీమీటర్లు దిగుతుంది. ఆ దిగుడు మొదలునుంచి చివరిదాకా ఒక్కతీరుగా ఉందంటే లెవెల్ పట్టుకుని ఓపికగా చేసిన పని అన్నమాట. మలుపు తిరిగేచోట ఒక్క నిటారు బెండుకు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేస్తాడు. చెత్త తట్టుకునే మూల ఉండదు. ఎండ తగిలే బయటి గోడ మీద రబ్బరు రింగు జాయింట్లు వాడి, పైపును పూర్తిగా లోపలికి నెట్టాక సెంటీమీటరంత వెనక్కి లాగుతాడు. మే నెల ఎండకు పైపు సాగినా జాయింటు మీద ఒత్తిడి పడదు. శుభ్రం చేసే డోర్ ఉన్న బెండును చెయ్యి అందేచోట పెడతాడు.

ఇంతవరకు నీళ్ల సంగతి. దారి సవ్యంగా ఉంటే నీళ్లు వాటంతటవే పోతాయి. అసలు పనితనం గాలి దగ్గర తెలుస్తుంది.

ప్రతి ట్రాప్‌లోనూ, అంటే నీళ్లు పోయే దారిలోని వంపులో, రెండంగుళాల నీళ్లు నిలుస్తాయి. మురుగు వాసనకు అడ్డం ఆ కాసిని నీళ్లే. ఎస్ ఆకారపు వంపుతో కమోడ్‌కి 1775లో పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ కమ్మింగ్ లండన్‌లో గడియారాలు చేసేవాడు. ఇన్నేళ్లయినా ఆ సూత్రం మారలేదు. అయితే నిండు సీసాను బోర్లిస్తే గుడగుడమంటూ గాలి కోసం కొట్టుకున్నట్టే, పైపు నిండా నీళ్లు దిగేటప్పుడు వెనక గాలి కావాలి. పైనుంచి అందకపోతే దగ్గర్లో ఉన్న ట్రాప్ నీళ్లను లాగేసుకుంటుంది.

మేడమీద బాత్రూమ్ చేర్చినప్పుడు చిక్కంతా ఇక్కడే. కింది బాత్రూమ్‌ను దాటి డాబా పైకి లేచిన పాత పైపు అన్నాళ్లూ గాలి గొట్టం. కొత్త కమోడ్‌ని దానికి కలిపిన రోజునుంచి అదే మలపైపు. పైన ఫ్లష్ నొక్కితే కింద బాత్రూమ్ నేలలోని నహానీ ట్రాప్ గుటకలు వేస్తుంది. తెలిసిన ప్లంబర్ ఆ నిలువు పైపును సైజు తగ్గించకుండా కొత్త డాబా దాటించి, జాలీ మూత పెడతాడు. కింది ట్రాప్‌ల కోసం విడిగా సన్నటి గాలి పైపు లేపి, పై బాత్రూమ్ కలిసేచోటుకంటే ఎత్తున దాన్ని నిలువు పైపులో కలుపుతాడు. ఆ పైపుకూ కాస్త వాటం ఇస్తాడు, లోపల చెమ్మ చేరినా కిందికి జారిపోవాలని. అడుగున నీళ్లు మలుపు తిరిగేచోట గాలి ఎదురుతన్నుతుంది కాబట్టి, వీలుంటే కింది కమోడ్‌ని విడిగా ఛాంబర్‌కి కలుపుతాడు.

ఇదంతా చాదస్తం కాదు. 2003లో హాంకాంగ్‌లోని ఆమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో మూడు వందలమందికి పైగా సార్స్ బారిన పడ్డారు. బాత్రూమ్ నేలల్లో ఎండిపోయిన ట్రాప్‌లూ, వాటిగుండా మురుగుపైపు గాలిని లోపలికి లాగిన ఎగ్జాస్ట్ ఫ్యాన్లూ అందుకు కారణాల్లో ఉన్నాయని దర్యాప్తులో తేలింది. వాడని బాత్రూమ్‌లో అప్పుడప్పుడు చెంబెడు నీళ్లు పోయమని ప్లంబర్ చెబితే, ఆ మాట వినాలి.

బేరం దగ్గర అతనికి జరిగే అన్యాయం ఒకటుంది. బాత్రూమ్‌కింత అని ఒప్పందం కుదిరాక, కుళాయికీ షవర్‌కీ డబ్బివ్వడానికి ఎవరికీ బాధ ఉండదు. చుక్క నీరు మోయని గాలి పైపు దగ్గరికి వచ్చేసరికి ‘ఇదెందుకు మేస్త్రీ, తీసేద్దాం’ అంటారు. ‘ఉండాలండీ’ అని పట్టుబట్టినవాడే దొరకాల్సిన మనిషి. దొరికితే ఆ పైపు దగ్గర బేరమాడకండి. టైల్స్ పడేలోపు పైపులన్నిటికీ ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా గోడకు మేకు కొట్టాలన్నా అవే దిక్కు.