కింది నుంచి ఒకరు, పై నుంచి ఒకరు

పైత్యరస నాళంలో వేసిన స్టెంటు మూసుకుపోతే రోగికి వెంటనే తెలుస్తుంది. తగ్గిన కామెర్లు తిరగబెడతాయి, ఒళ్లంతా దురద, ఆపైన వణికించే చలిజ్వరం. చీము పట్టిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. కడుపు కోయకుండా దాన్ని తెరవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది మనకు బాగా తెలిసిందే. హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వరరెడ్డి వంటివారి కృషి వల్ల ఈఆర్‌సీపీ అన్న మాట తెలుగువాళ్లకు అలవాటైంది. ఇందులో ఎండోస్కోపీ గొట్టం నోటి గుండా చిన్నపేగు మొదటి మలుపుకు చేరి, నాళం ముఖద్వారం నుంచి పైకి పనిచేస్తుంది. రెండోదాంట్లో మాత్రం ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు కుడి పక్కటెముకల సందున సన్నని సూది గుచ్చి, కాలేయంలో ఉబ్బిన నాళాన్ని పట్టుకుని తీగను కిందికి దింపుతాడు. వయసులో పెద్దది ఈ రెండోదే. చర్మం మీదుగా నాళంలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసిన పని 1937 నాటికే హనోయ్‌లో జరిగింది. ఈఆర్‌సీపీ 1968లో వచ్చింది.

దారి ఏదైనా, అడ్డుపడింది ఏమిటన్నదే అసలు ప్రశ్న. మూడు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ స్టెంటును బ్యాక్టీరియా, పైత్యరసపు మడ్డి కలిసి సుమారు మూడు నెలల్లో పూడ్చేస్తాయి. ఎండోస్కోపీ డాక్టరు ఉచ్చు బిగించి దాన్ని లాగేస్తే, లోపలంతా గోధుమరంగు బురద గట్టిగా పట్టి ఉంటుంది. వెంటనే కొత్తది వేస్తారు. ఈ సులువు పై నుంచి వచ్చే సూది దారికి లేదు. పది మిల్లీమీటర్ల లోహపు స్టెంటు సంగతి వేరు. నాళాన్ని మూసింది కణితి అయితే, పొర లేని స్టెంటు వల కన్నుల్లోంచి అది లోపలికి పెరుగుతుంది, ఇక స్టెంటు ఊడిరాదు. అప్పుడు రెండు దారుల్లోనూ చేసేది ఒకటే: బెలూనుతో శుభ్రం చేసి, పాత స్టెంటులోనే మరొకటి వేయడం. అందుకే పాత స్టెంటు ఏ రకమో, ఎప్పుడు వేశారో చెప్పే డిశ్చార్జి కాగితాన్ని ఇంట్లో భద్రంగా ఉంచమని నేను పదేపదే అంటాను.

ఈఆర్‌సీపీతో క్లోమం వాచే ప్రమాదం ఉంది; అలాగే సూదితో రక్తస్రావం, పైత్యరసం కారడం ఉన్నాయి. సూది దారిలో పైత్యరసం బయటికి పట్టడానికి పక్కన వేలాడే సంచితో పడుకోవడం ఎంత కష్టమో దాన్ని మోసినవాళ్లకే తెలుసు. అయినా కణితి పేగునే మూసేసినా, పాత ఆపరేషన్లో పేగు దారి మళ్లినా చాలాసార్లు సూదే దిక్కు; కాలేయపు ద్వారం దగ్గర నాళాలు కొమ్మల్లా విడిపోయినచోట అడ్డుపడితే, సరిగ్గా కావాల్సిన కొమ్మను ఎంచుకోగలిగేది చాలాసార్లు సూదే.

కొన్ని కేసుల్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడతారు. రేడియాలజిస్టు పై నుంచి దింపిన తీగ కొసను ఎండోస్కోపీ డాక్టరు పేగులో పట్టుకుని నోటి గుండా బయటికి తీస్తాడు. ఆ తీగ మీదుగానే కొత్త స్టెంటు లోపలికి వెళుతుంది.