రెండు వేదికలు, రెండు ఓట్లు: బెల్‌ఫాస్ట్, ఏథెన్స్

రెఫరెండం ముందు జరిగే కచేరీని వచ్చిన జనాన్ని బట్టి కొలవడం అందరికీ అలవాటు. ఆ లెక్కన 2015 జులై 3న ఏథెన్స్ సింతగ్మా కూడలిలో జరిగిన సభ ముందు, 1998 మే 19న బెల్‌ఫాస్ట్ వాటర్‌ఫ్రంట్ హాల్లో జరిగిన కచేరీ ఎందుకూ చాలదు. అక్కడ పోలీసుల అంచనాలోనే పాతికవేల మంది. ఇక్కడ రెండువేల మంది కుర్రకారు. అయినా రెంటినీ పక్కపక్కన పెడితే బెల్‌ఫాస్ట్‌దే పైచేయి అంటాను. ఓటరు దేనికి ఓటేయబోతున్నాడో బెల్‌ఫాస్ట్ వేదిక కళ్ళకు కట్టించింది. ఏథెన్స్ వేదిక ఓటరు గుండెను కదిలించింది గానీ, అతని ముందున్న ప్రశ్నను విప్పి చూపలేదు.

బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఓటు ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం మీద. మూడు దశాబ్దాల్లో మూడున్నర వేల మందిని బలిగొన్న రక్తపాతాన్ని ఆపేందుకు కుదిరిన ఒప్పందమది. కాథలిక్కుల మద్దతు గట్టిగానే ఉంది. సాయుధ సంస్థల ఖైదీలను విడుదల చేయాలన్న నిబంధన మాత్రం బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్ యూనియనిస్టుల్లో చాలామందికి మింగుడుపడలేదు. మే 10న ఐరిష్ జాతీయవాద షిన్ ఫేన్ పార్టీ మహాసభలో, బ్రిటిష్ పాలనపై సాయుధంగా పోరాడిన ఐఆర్‌ఏ ఖైదీలకు చప్పట్లతో స్వాగతం పలకడం వాళ్ళ గాయాన్ని మళ్ళీ రేపింది.

ఆ వేడిలో, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, యూటూ, ఆష్ రాక్ బృందాలు వాయించాయి. శ్రోతల్లో ఎక్కువమంది రెండు వర్గాల బడుల నుంచి వచ్చిన విద్యార్థులు. వేదికకు ఒక పక్క నుంచి కాథలిక్కుల నేత జాన్ హ్యూమ్, మరో పక్క నుంచి యూనియనిస్టుల నేత డేవిడ్ ట్రింబుల్ వచ్చారు. కోట్లు లేవు, చొక్కాల మీద టైలు మాత్రమే. నడి వేదికపై చేతులు కలిపారు. మధ్యలో నిలబడ్డ యూటూ గాయకుడు బోనో ఇద్దరి చేతులూ పట్టుకుని పైకెత్తాడు. నాయకులిద్దరిలో ఎవరూ ప్రసంగించలేదు. ఆ కచేరీ బలమంతా అక్కడే ఉంది. ఒప్పందం కోరేది ఈ ఇద్దరి వర్గాలూ కలిసి పాలించడాన్ని. ఆ కలయికను ఒక్క క్షణం ముందుగా చూపిస్తే చాలు, దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

ఏథెన్స్‌లో పరిస్థితి వేరు. అప్పులిచ్చిన సంస్థల షరతులపై రెఫరెండం పెడుతున్నట్టు గ్రీసు ప్రధాని అలెక్సిస్ సిప్రాస్ ప్రకటించడానికీ, జులై 5 పోలింగ్‌కూ మధ్య ఉన్నది ఒక్క వారమే. బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎం నుంచి రోజుకు అరవై యూరోలే వచ్చేవి. అలాంటి వారం చివర ‘వద్దు’ వర్గం సింతగ్మాలో పెట్టిన పాటల సభకు తరలివచ్చిన జనంలోని కోపం నిజమైనది, న్యాయమైనది. ఐదేళ్ళ పొదుపు చర్యలు పింఛన్లనూ ఉద్యోగాలనూ తిన్నాక, ఆ పాటల్లో వాళ్ళు వెతుక్కున్నది ఆత్మగౌరవం. ‘అవును’ వర్గం అదే సాయంత్రం దగ్గర్లోని పురాతన పనథెనాయిక్ స్టేడియం దగ్గర తన సభ పెట్టుకుంది. ఊరు రెండుగా నిలబడింది.

అయితే ఇక్కడ పాట నాయకుడి ప్రసంగానికి దారి వేసింది. నాయకుడు వచ్చేదాకా కళాకారులు జనాన్ని కూర్చోబెట్టే పద్ధతి మన సభల్లోనూ చూస్తున్నదే. సిప్రాస్ వచ్చి, బెదిరింపులకు లొంగవద్దని కోరారు. బ్యాలెట్ మీది ప్రశ్న మాత్రం రుణదాతలు జూన్ 25న సమర్పించిన రెండు సాంకేతిక పత్రాల గురించి. ఆ పత్రాలకు ఆధారమైన పాత రుణ కార్యక్రమమే జూన్ 30తో ముగిసిపోయింది. ‘వద్దు’ అంటే మర్నాడు బ్యాంకులు ఏమవుతాయో, యూరో ఉంటుందో ఊడుతుందో వేదిక చెప్పలేదు. బెల్‌ఫాస్ట్‌లోనైతే ఒప్పందం పూర్తి పాఠాన్ని అప్పటికే ఇంటింటికీ పంపారు. వేదిక మీది కరచాలనం వెనుక చదవదగ్గ కాగితం ఉంది.

ఫలితాలు ఈ తేడాను మరింత స్పష్టం చేస్తాయి. ఉత్తర ఐర్లండ్‌లో 81 శాతం పోలింగ్, 71 శాతం ‘అవును’. కచేరీయే గెలిపించిందనలేం. కానీ అది చూపిన దృశ్యమూ, ఓటు తెచ్చిన ఒప్పందమూ ఒకటే. గ్రీసులో 61 శాతం ‘వద్దు’ అన్నారు. జులై 13న అదే ప్రభుత్వం కఠినమైన షరతులతో కొత్త ఒప్పందానికి తలవంచింది. కూడలిలో గొంతెత్తి పాడిన వాళ్ళకు అంతకన్నా పెద్ద ద్రోహం ఉంటుందా?

బెల్‌ఫాస్ట్ వేదికకూ లోటుంది. ‘వద్దు’ అన్న వాళ్ళకు అక్కడ చోటు లేదు. ఖైదీల విడుదలతో గుండె మండిన కుటుంబాల ప్రశ్నకు ఆ కరచాలనంలో జవాబు లేదు. కొన్నేళ్ళలోనే హ్యూమ్, ట్రింబుల్ పార్టీలను షిన్ ఫేన్, మరో యూనియనిస్టు పార్టీ డీయూపీ వెనక్కి నెట్టేశాయి. అయినా ఒప్పందం నిలిచింది.

అందుకే ఇలాంటి కచేరీ పెట్టే కళాకారులు మొదట అడగాల్సింది జనం ఎంతమంది వస్తారని కాదు. ఓటు పడ్డ మర్నాడు ఏం జరుగుతుందో తమను పిలిచిన నాయకుడు ఓటరుకు చెప్పాడా అని అడగాలి. చెప్పకపోతే తమ గొంతును అతనికి అరువివ్వకూడదు.