బిరుదు తమ్ముడికి, ఉత్తరాలు చెల్లెలికి

ఎం.ఏ. చదివే రోజుల్లో ఈవా గోర్-బూత్, కాన్‌స్టన్స్ మార్కవిచ్‌ల స్మృతిలో యేట్స్ 1927లో రాసిన కవిత నాకు చాలా ఇష్టంగా ఉండేది. సాయంకాలపు వెలుగు, పెద్ద కిటికీలు, పట్టు కిమోనోలు తొడుక్కున్న ఇద్దరు అమ్మాయిలు. ఆ ఇద్దరిలో ఒకామె స్వయంగా కవి అని క్లాసులో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ కిటికీలు ఐర్లండ్‌లోని స్లైగో ప్రాంతపు లిస్సడెల్ భవనానివి. కౌలురైతులు కట్టే శిస్తు మీద బతికిన గోర్-బూత్ కుటుంబానికి 1760లో బారోనెట్ హోదా వచ్చింది. పేరు ముందు 'సర్' తగిలించే ఈ హోదా మగ సంతానానికే దిగుతుంది. 1868లో పుట్టిన కాన్‌స్టన్స్ ఆ ఇంటి పెద్ద బిడ్డ. కానీ 1900లో తండ్రి సర్ హెన్రీ చనిపోతే 'సర్' అయింది ఆమె తమ్ముడు జాస్లిన్. అదే ఏడాది ఆమె ఒక పోలిష్ చిత్రకారుణ్ణి పెళ్లాడి 'కౌంటెస్' అనిపించుకుంది. అతని బిరుదు అసలుదేనా అన్నది ఇప్పటికీ అనుమానమే. పుట్టింటిది దక్కలేదు, అత్తింటిది నికరం కాదు.

బిరుదుల్లేకుండానే ఆ అక్కచెల్లెళ్లు చేసింది తక్కువేం కాదు. 1896లో స్లైగోలో స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టారు. ఈవా మాంచెస్టర్ వెళ్లి, ఎస్తర్ రోపర్‌తో కలిసి జీవిస్తూ, శ్రామిక స్త్రీలను కూడగట్టింది. 1908లో బార్లలో పనిచేసే ఆడవాళ్ల ఉపాధికి ముప్పు వచ్చినప్పుడు, అక్కడి ఉపఎన్నికలో చర్చిల్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేసింది. అక్క నాలుగు తెల్లగుర్రాల బండి తోలుకుంటూ వచ్చి తోడు నిలిచింది. చర్చిల్ ఓడిపోయాడు. గుర్రాలు తోలడం ఆమెకు నేర్పింది కూడా ఆ శిస్తు డబ్బే. ఆ సంగతి మరిచిపోయి వీళ్లను కీర్తించలేను.

1916 తిరుగుబాటులో పాల్గొన్నందుకు కాన్‌స్టన్స్‌కు మరణశిక్ష పడింది. ఆడది అన్న ఒకే కారణంతో దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1918లో జైల్లో ఉండగానే బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన మొదటి స్త్రీ అయింది. ఆ సభలో అడుగుపెట్టలేదు. 1919లో ఐరిష్ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయింది.

యేట్స్ కవితలో ఇదంతా అందాన్ని తినేసిన చెదలా కనిపిస్తుంది. పెద్దామె చివరి ఏళ్లు ఒంటరివంటాడు. 1927లో ఆమె కోరుకున్నట్టే డబ్లిన్ ఆసుపత్రిలో సాధారణ వార్డులో చనిపోయింది. అంత్యక్రియలకు నగరంలోని పేదలు వీధుల నిండా నిలబడ్డారు. మరి ఒంటరితనం ఎవరిది? యేట్స్ దుఃఖం అబద్ధమనను. కానీ అతను దుఃఖించింది ఆ భవనం కోసం, అందులో వయసు పెరగకుండా ఉండిపోవలసిన అమ్మాయిల కోసం. ఆ లెక్కన ఆ కవితా ఒక వారసత్వ చట్టమే. బిరుదు మగవాళ్లకు, అందం ఆడవాళ్లకు.

వాళ్లు తమలో తాము పంచుకున్న ఆస్తి వేరే ఉంది. 1916లో అచ్చయిన ఈవా నాటకం 'ద డెత్ ఆఫ్ ఫియోనవార్'కు బొమ్మలు వేసింది జైల్లో ఉన్న కాన్‌స్టన్స్. అక్క జైలునుంచి రాసిన ఉత్తరాలను ఈవా దాచింది. ఇద్దరూ పోయాక, 1934లో, వాటిని పుస్తకంగా తెచ్చింది ఎస్తర్ రోపర్. అక్క నుంచి చెల్లెలికి, చెల్లెలి నుంచి సహచరికి అందిన ఈ వారసత్వానికి ఏ వంశవృక్షంలోనూ గీత లేదు.

2003లో ఆ కుటుంబం లిస్సడెల్‌ను అమ్మేసింది. కిటికీలు చేతులు మారాయి. ఉత్తరాలు మాత్రం మనం చదువుకోవడానికి మిగిలాయి. ఇప్పుడు ఎవరైనా ఆ కవిత గురించి అడిగితే, ముందు ఆ ఉత్తరాలు చదవమంటున్నాను.