112-3 అంటే 109 కాదు

2013లో శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న రైతుల సంఘానికి పంట రుణాల లెక్క చూసే ప్రోగ్రాం రాసిచ్చాను. సర్వే నంబరు కొడితే రైతు పేరు, విస్తీర్ణం, తీసుకున్న అప్పు, కట్టాల్సిన వాయిదా తెర మీదికి రావాలి. అప్పగించిన వారం నేనే అక్కడ కూచుని పని నేర్పుతున్నాను. ఒక పెద్దాయన సంచిలోంచి పాస్‌బుక్కు తీసి ఇచ్చాడు. సర్వే నంబరు 112-3. కొట్టాను. నాలుగు పేర్లొచ్చాయి. నాలుగూ చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, "అందల నా పేరు నేదు బాబూ. ఆళ్లందరివీ గెడ్డ అవతలి సేలు. మాది గెడ్డ ఇవతల" అన్నాడు.

ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు. ఎర్రర్ ఏమీ చూపించలేదు. అడిగినదానికి జవాబు ఇచ్చింది. ఆ జవాబు తప్పని పట్టుకున్నది ఆ పెద్దాయన. నేను కాక ఎవరైనా కొత్తవాళ్లు కౌంటర్‌లో ఉండి, ఆయనకి చదివి వినిపించకుండానే మొదటి పేరు మీద వాయిదా జమ వేసేసి ఉంటే?

ఆ రాత్రి గదికి వెళ్లి, డేటాబేస్‌కి నిజంగా ఏ క్వెరీ వెళ్తోందో కాగితం మీద రాసుకున్నాను. సర్వే నంబరు = 112-3 అని వెళ్తోంది. చుట్టూ కోట్స్ లేవు. నంబరే కదా, కోట్స్ ఎందుకని నేనే వదిలేశాను. ఆ అడ్డగీత సబ్‌డివిజన్‌ని చెప్పే గుర్తని మైఎస్‌క్యూఎల్‌కి ఎలా తెలుస్తుంది? తీసివేత అనుకుంది. 112లోంచి 3 పోతే 109. అక్కడితో అయిపోలేదు. సర్వే నంబరు కాలమ్‌లో ఉన్నవి అక్షరాలు. ఒక పక్క అక్షరాలు, ఇంకో పక్క అంకె ఉంటే మైఎస్‌క్యూఎల్ రెంటినీ అంకెలుగానే పోలుస్తుంది. 109-1నీ, 109-2నీ అడ్డగీత దాకా చదివి, రెండూ 109 అనే లెక్కేస్తుంది. అలా గెడ్డ అవతల ఉన్న 109లోని ముక్కలన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. 112/3 అని ఏటవాలు గీతతో కొట్టి ఉంటే భాగహారం చేసి, అలాంటి భూమే లేదని చెప్పేది.

ఈ తప్పుకి మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు. వాటి గురించి రాసేవాళ్లు మామూలుగా దొంగలతో మొదలుపెడతారు. నేను ఆ పెద్దాయనతోనే మొదలుపెడతాను. తన పాస్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఆయన. ఆయన చెప్పిన మాటని తీసుకెళ్లి నేను డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశంలో కలిపేశాను. ఏది ఆదేశమో, ఏది ఆయన మాటో విడదీసే వీలు అవతల లేకుండా పోయింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజు లేఖరుల దగ్గర కాసేపు కూచున్నవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. రూపాయల మొత్తం అక్షరాల్లో రాశాక "మాత్రమే" అని చేరుస్తారు. జాగా మిగిలితే అడ్డంగా గీత కొట్టేస్తారు, తర్వాత ఎవరూ ఒక ముక్క ఇరికించకుండా. క్వెరీలో విలువ చుట్టూ కోట్స్ పెట్టడం, ప్రమాదం అనిపించిన గుర్తుకి ముందు బ్యాక్‌స్లాష్ చేర్చడం అలాంటి జాగ్రత్తే. వంద చోట్ల చేసి నూట ఒకటో చోట మరిచిపోతే ఆ వందా వృథా. అచ్చు ఫారంతో ఈ బాధ లేదు. షరతులు ముందే అచ్చయి ఉంటాయి. పేరు గడిలో "పై షరతులన్నీ రద్దు" అని ఎవరైనా రాసినా, అది పేరుగానే చెల్లుతుంది. అలాంటి పేరున్న మనిషి లేడని తేలుతుంది, అంతే. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ ఆ అచ్చు ఫారం.

విలువ రావాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి క్వెరీని ముందు పంపుతాం. డేటాబేస్ దాన్ని చదివి ఏ టేబుల్, ఏ కాలమ్, ఏ షరతు అన్నది విడదీసి పెట్టుకుంటుంది. చదవడం అక్కడికి పూర్తి. విలువ ఆ తర్వాత వేరే కబురుగా వెళ్తుంది. దీన్నే బైండ్ చెయ్యడం అంటాం. ఆ విలువలో అడ్డగీత ఉండనీ, కోటు ఉండనీ, టేబుల్‌ని చెరిపేయమనే ఆదేశమే ఉండనీ, వాక్యాన్ని విడదీసే పని అప్పటికే అయిపోయింది కాబట్టి అది విలువగానే మిగులుతుంది. పైగా ఒకసారి సిద్ధం చేసుకున్న క్వెరీని ఎన్ని విలువలతోనైనా నడపొచ్చు. పొందూరు మగ్గం మీద పడుగు ఒకసారి ఎక్కిస్తే పేక దాని మధ్య వేలసార్లు నడిచినట్టు. పదివేల మంది వివరాలు ఒక్క ఊపున ఎక్కించేటప్పుడు ఆ తేడా గడియారంలో కనిపిస్తుంది.

బైండ్ చేసేటప్పుడు రకం కూడా చూసుకోవాలి. పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ వాడేవాళ్లు ఐ అని రాస్తే పూర్ణాంకం, ఎస్ అని రాస్తే అక్షరాలు. సర్వే నంబరుకి ఐ పెట్టారా, 112-3లో 112 మాత్రమే మిగులుతుంది. సర్వే నంబరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు: వీటిని కూడతామా, తీసేస్తామా? ఇవన్నీ అక్షరాలే. నేను ఎస్ పెట్టి సరిచేశాక 112-3 కొడితే ఒకే పేరొచ్చింది.

నిజానికి ఈ పాఠం విజయనగరం నాకు అంతకుముందే చెప్పింది. నేను వినలేదు. మన పేర్లలో అపాస్ట్రఫీ రాదు. అప్పలనాయుడు, పైడిరాజు, సింహాచలం, రమణమ్మ, ఇంగ్లీషులో ఏ స్పెల్లింగుతో రాసినా ఆ గుర్తు పడదు. అందుకే మనం మన పేర్లతో పరీక్షించుకునే ప్రోగ్రాముల్లో ఈ లోపం ఏళ్ల తరబడి దాక్కుంటుంది. కానీ విజయనగరంలో చదివినవాళ్ల సర్టిఫికెట్ల మీద ఆ గుర్తు ఉంది. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయిన మహారాజా కళాశాల పేరుని ఇంగ్లీషులో చివరి ఎస్‌కి ముందు అపాస్ట్రఫీతో రాస్తారు. గురజాడ చదువుకుని, తర్వాత పాఠాలు చెప్పిన కాలేజీ. 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన, ఘంటసాల నేర్చుకున్న చోటు, దాని పేరులోనూ అదే గుర్తు. నెల్లిమర్ల మెడికల్ కాలేజీ పేరులోనూ అంతే.

2009లో ఒక సంస్థకి అభ్యర్థుల వివరాలు నమోదు చేసే ఫారం రాశాను. మహారాజా కాలేజీ పేరు రాసి సేవ్ నొక్కితే ఆగిపోయేది. అపాస్ట్రఫీ దగ్గర కోటు ముగిసిపోయిందని డేటాబేస్ అనుకునేది. మిగిలిన ఎస్ కాలేజీ అన్న ముక్క దానికి అర్థంకాని ఆదేశం. నేను చేసిన మొదటి వైద్యం ఆ గుర్తునే తీసేయడం. సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ, మా తెర మీద పేరూ కలవడం లేదన్నారు. రెండో వైద్యం, గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ చేర్చడం. అప్పట్లో పీహెచ్‌పీలో మ్యాజిక్ కోట్స్ అనే ఏర్పాటు తనంతట తానే బ్యాక్‌స్లాష్ చేర్చేది. అది తెలియక నేను ఇంకోసారి చేర్చాను. దాంతో ఒకటి టేబుల్‌లో ఉండిపోయేది. వివరాలు సరిచేసి మళ్లీ సేవ్ చేస్తే మూడు. ఇంకోసారి చేస్తే ఏడు. ఒకమ్మాయి ప్రింటు తెచ్చి నా ముందు పెట్టి, "ఏటి సార్ ఇది? మా కాలేజీ పేరు మధ్యన ఈ గీతలేటి?" అంది. నూట యాభై ఏళ్ల పేరుని నా చేతగానితనానికి సరిపడేలా వంచాను. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో ఆ రోజు నాకు తోచలేదు.

మ్యాజిక్ కోట్స్‌ని 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4లో పూర్తిగా తీసేశారు. బైండ్ చేసే వీలున్న పీడీవో 2005 నుంచే పీహెచ్‌పీతో పాటు వస్తోంది. కాబట్టి 2009లో సాధనం లేదని నేను చెప్పుకోలేను.

దొంగలు వచ్చేదీ ఈ సందులోంచే. మహారాజా కాలేజీ పేరులో పొరపాటున కోటు ముగిసినట్టే, పాస్‌వర్డ్ గడిలో ఒకడు కావాలని కోటు ముగించి, వెనక తన ఆదేశం చేరుస్తాడు. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక 54వ సంచికలో జెఫ్ ఫారిస్టల్ దీన్ని వివరించాడు. పదిహేడేళ్ల తర్వాత, 2015 అక్టోబరులో, బ్రిటన్‌లోని టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీ నుంచి 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు ఈ దారినే పోయాయి. మరుసటి ఏడు ఆ కంపెనీకి 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించనివాళ్లకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఊళ్లో ప్రతి ఇంటి కార్డూ, పింఛనూ, భూమీ ఏదో ఒక టేబుల్‌లో ఒక వరస. ఇది ఎక్కడో లండన్ సంగతి అనుకునే రోజులు పోయాయి.

బైండ్ చేస్తే అన్నీ తీరిపోతాయని మాత్రం చెప్పను. టేబుల్ పేరు, కాలమ్ పేరు, ఆర్డర్ బై వెనక వచ్చే వరస బైండ్ కావు. అవి ఫారంలో అచ్చయ్యే భాగం. మండలం వారీగా కావాలా, పేరు వారీగా కావాలా అని వాడేవాళ్లు ఎంచుకుంటే, వాళ్లు పంపిన మాటని మన జాబితాతో పోల్చి, మనం రాసుకున్న మాటనే క్వెరీలో పెట్టాలి. లైక్‌తో వెతికేచోట శాతం గుర్తు బైండ్ చేసినా తన పని తాను చేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌తో పీడీవో వాడేవాళ్లకి ఇంకో మాట. ఎమ్యులేట్ ప్రిపేర్స్ అన్నది మొదట్నుంచీ ఆన్‌లో ఉంటుంది. అంటే పీడీవోనే విలువని కోట్స్‌లో చుట్టి ఒకే కబురుగా పంపుతుంది. నేను దాన్ని ఆఫ్ చేస్తాను. వీటన్నిటికంటే ఎక్కువగా చూసిన తప్పు ఒకటుంది. సేవ్ చేసేచోట శ్రద్ధగా బైండ్ చేసి, రిపోర్టు తీసేచోట "మన టేబుల్‌లోదే కదా" అని ఆ విలువని కొత్త క్వెరీకి అతికిస్తారు. టేబుల్‌లో పడుకున్న అపాస్ట్రఫీ అక్కడ లేస్తుంది.

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లకి నాదొక మనవి. ల్యాబ్‌లో మొదటి క్వెరీనే ప్రశ్నార్థకంతో రాయించండి. ముందు అతికించడం నేర్పి, ఆఖరి యూనిట్‌లో మానమంటే చెయ్యి మాట వినదు. పిల్లలకి చెప్పేదేమిటంటే, ఈ వారం మీ ప్రాజెక్టు తెరిచి, విలువని ప్లస్‌తోనో చుక్కతోనో క్వెరీకి అతికించిన చోట్లు వెతకండి. టెస్టు డేటాలో 112-3 ఒకటి, అపాస్ట్రఫీతో సహా మహారాజా కాలేజీ పేరు ఒకటి పెట్టండి. తప్పు దొరికితే సరిచేసి ఊరుకోకండి. అప్పటిదాకా తప్పు జవాబు ఎవరెవరికి వెళ్లిందో లెక్క తీసి, వాళ్లకి చెప్పండి. ఆ రైతుల సంఘం పుస్తకాలు తిరగేస్తే అలాంటివాళ్లు పదకొండు మంది తేలారు. పదకొండు ఇళ్లకీ వెళ్లి చెప్పొచ్చాను.