ఇంటి కంప్యూటరులో విమానయానం

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అనే ఆట 1982లో తొలిసారి ఐ.బి.యం. కంప్యూటరుకు వెలువడినది. అప్పటి నేల ఒక మోటు బొమ్మ. 2020 నాటి కూర్పులో విజయవాడకు చేరువనున్న గన్నవరం నుండి చిన్న సెస్నా విమానాన్ని లేవదీస్తే, ఉపగ్రహ ఛాయాచిత్రాల ఆధారంగా కృష్ణా డెల్టా కాలువలూ, వరిచేలూ క్రింద పరచుకుంటాయి. కనువిందే! కాని ఆ చేలు ఫోటో తీసిననాటి రంగులోనే నిలిచిపోతాయి. ఆకాశంలో ఈనాటి వాన, నేలపై ఏనాటి పంటో!

నా దృష్టిలో ఈ ఆట విలువ దృశ్యంలో లేదు. ముక్కు పైకెత్తితే చాలు, విమానం పైకి పోతుందని మన విద్యార్థుల నమ్మకం. ఇంజను శక్తి పెంచకుండా జాయ్‌స్టిక్కును వెనుకకు లాగుతూ పోయి చూడండి. వేగం తగ్గుతుంది. రెక్కకూ ఎదురుగాలికీ మధ్య కోణం సుమారు 16 డిగ్రీలు దాటగానే గాలి రెక్క పైతలాన్ని అంటి ప్రవహించలేక విడిపోతుంది. పైకెత్తే బలం హఠాత్తుగా క్షీణిస్తుంది. అప్పుడు ముక్కు దించినవాడే గట్టెక్కుతాడు. నల్లబల్లమీద గంటసేపు బాణపు గుర్తులు గీసినా ఇంతగా మనసుకు పట్టదు.

అసలు లోపం వేరు. ఎత్తు కోల్పోకుండా, 60 డిగ్రీలు వాలి తిరిగే విమానంలో 50 కిలోల కుర్రవాడు 100 కిలోలు తూగుతాడు. ఇంటి కుర్చీ ఆ బరువును తెలుపజాలదు; తెరమీద క్షితిజరేఖ వాలుతుంది, అంతే. ఆ లెక్క ఉపాధ్యాయుడే కట్టించాలి.