కార్బురేటర్‌ను చివర్లో విప్పాలి

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో బయల్దేరిన పాత అంబాసిడరో, ఎమ్‌పీఎఫ్‌ఐ (ఇంజెక్షన్) రాకముందరి మారుతీ 800 కారో సూర్యాపేట దాకా ఏ పేచీ లేకుండా వస్తుంది. హోటల్ ముందు ఆపి, టీ తాగి వచ్చి తాళం తిప్పితే మాత్రం స్టార్ట్ కాదు. 135 కిలోమీటర్లు పరుగెత్తిన బండికి నిలబడ్డాకే జబ్బేమిటి అనిపిస్తుంది. జబ్బు నిలబడటంలోనే ఉంది. నడుస్తున్నంతసేపూ ఎదురుగాలి, ట్యాంకు నుంచి వచ్చే కొత్త పెట్రోలు కలిసి పంపును చల్లగా ఉంచుతాయి. బండి ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి, ఇంజన్ వేడంతా దానికే బిగించి ఉన్న పంపుకు ఎక్కుతుంది. లోపలి పెట్రోలు ఆవిరవుతుంది. ద్రవాన్ని నెట్టడానికి చేసిన పంపు ఆవిరిని నెట్టలేదు. అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తి, పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టి, కాసేపు ఆగమంటాడు. స్పానర్ పట్టడు.

అతను మొదట అడిగేది ఒకటే: ‘ఎప్పుడు ఆగిందన్నా?’ పొద్దున మొదటి కిక్కుకా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కుతుంటేనా, సిగ్నల్ దగ్గర నిలబడితేనా? పది నిమిషాలుంచితే దానంతటదే లేచిందా? సగం రోగం ఈ జవాబుల్లోనే దొరుకుతుంది. నా మటుకు నాకు, ఈ ప్రశ్న అడగకుండానే కార్బురేటర్ మీద చెయ్యి వేసే షెడ్డులో బండి వదలబుద్ధి కాదు.

రెండు కిలోమీటర్లు పోయి ఆగి, కాసేపటికి మళ్లీ లేచే స్ప్లెండర్‌నే తీసుకోండి. కార్బురేటర్‌లోని ఫ్లోట్ గిన్నెలో నిలవున్న పెట్రోలుతో అది నడిచింది. గిన్నె ఖాళీ అయినంత వేగంగా పైనుంచి దిగడం లేదు. ముందు చూడాల్సింది ట్యాంకు మూత. పెట్రోలు కిందికి దిగాలంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి. మూతలోని సన్నని రంధ్రం దుమ్ముతో పూడితే ట్యాంకు బిగదీసుకుంటుంది. మూత తెరవగానే ‘సుయ్’మని గాలి పీల్చి, బండి వెంటనే మామూలుగా నడిస్తే దోషి దొరికినట్టే. రిపేరుకు ఒక గుండుసూది చాలు. దీనికి కార్బురేటర్ సర్వీసు చేయించుకున్నవాళ్లు ఎందరో! షెడ్డులో బండి నిలబడినంతసేపు గాలి మెల్లగా ఎక్కుతుంది కాబట్టి తెచ్చుకున్నప్పుడు బాగానే ఉంటుంది, కోదాడ దారిలో మళ్లీ ఆగుతుంది.

మూత తర్వాత ప్లగ్గు. చోక్ వేసి నాలుగు కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పితే తడిగా ఉందా, పొడిగా ఉందా తెలుస్తుంది. తడిగా ఉంటే పెట్రోలు చేరుతోంది, వెతకాల్సింది స్పార్కు వైపు. కాయిల్ వేడెక్కి స్పార్కు పోయినా లక్షణం అచ్చం పెట్రోలు అందనట్టే ఉంటుంది మరి. పొడిగా ఉంటే పైపు ఊడదీసి సీసాలో పట్టాలి, ఇంజన్ చల్లారాక, ఆరుబయట, దగ్గర్లో బీడీ లేకుండా. ధార తెగకుండా రావాలి. బొట్లు బొట్లుగా పడితే ట్యాప్ జాలీ పూడింది. ట్యాప్‌కు లోపల రెండు దారులుంటాయి: మామూలు దారి కాస్త ఎత్తు నుంచి, రిజర్వు దారి ట్యాంకు అడుగు నుంచి తీసుకుంటాయి. అడుగున చేరేది తుప్పు, నీళ్లు. చాలా కాలం తర్వాత రిజర్వుకు తిప్పగానే బండి తుమ్మి ఆగిపోవడం అందుకే.

కారులో ఇంకో తిరకాసు ఉంది. ట్యాంకుకూ పంపుకూ మధ్య రబ్బరు పైపు పగిలితే పెట్రోలు కారకపోవచ్చు. అక్కడ పంపు పీల్చే పక్క కాబట్టి పగులులోంచి గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కదా అని పైపును వదిలేస్తే రోజంతా వెతకాలి. పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లో కలిసే ప్రమాదముంది. అందుకే పెద్ద మేస్త్రీలు ఆయిల్ కొలిచే పుల్ల తీసి ముందు వాసన చూస్తారు.

ఇవన్నీ దాటాకే కార్బురేటర్. అక్కడా వరుస ఉంది. ఐడ్లింగ్‌లో ఆగిపోతూ రేస్ ఇస్తే నడిచేదానికి స్లో జెట్టు పూడింది. నిలకడగా ఆడుతూ లాగేటప్పుడు చచ్చిపోయేదానికి మెయిన్ జెట్టును అనుమానించాలి. పెట్రోలు పొంగిపోతుంటే ఫ్లోట్ సూది కూర్చోవడం లేదు, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఒక్కోసారి సర్దుకుంటుంది. జెట్టు మెత్తని ఇత్తడిది. ఉక్కు తీగ దూరిస్తే రంధ్రం పెద్దదై, ఆ తర్వాత బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. గాలి కొట్టడం, మరీ తప్పకపోతే కరెంటు వైరులోని ఒక రాగి పోగు, అంతే.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ వస్తోంది. అది తేమను పీలుస్తుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుక్కు దిగుతుంది. పాత రబ్బరు పైపులకూ అది పడదు. నెలల తరబడి కదలని చేతక్ ట్యాంకులోంచి పెట్రోలు గాజు సీసాలోకి వంచి చూస్తే అడుగున వేరే పొర కంటికే కనిపిస్తుంది.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. ఈ విద్య మాత్రం పొలాల్లో బతికే ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ చుట్టూ వరికి మందు కొట్టే టూ-స్ట్రోక్ పవర్ స్ప్రేయర్లకు ఇప్పటికీ కార్బురేటరే. సీజన్ అయ్యాక ఆయిల్ కలిపిన పెట్రోలుతోనే మూలన పెడితే పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు జెట్టును పట్టేస్తుంది. ట్యాప్ కట్టేసి, గిన్నెలోది అయిపోయి దానంతటదే ఆగేదాకా ఇంజన్‌ను ఆడించి, ట్యాంకు వంపేసి అటక మీద పెడితే, మళ్లీ నాట్లయ్యాక కొత్త పెట్రోలు పోసి తాడు లాగితే సరిపోతుంది.